మూడో రోజు మనిషి

ఆవకాయ కలిపిన మూడో రోజు తిరగకలపాలి. కలిపిన నాడు ముక్క మీద పిండి పొడిపొడిగా ఉంటుంది. రెండు రోజులకు ఊట దిగుతుంది. మూడో నాడు అడుగు ముక్కను పైకి తెచ్చి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోయాలి. ఇంట్లో ఒక జాడీ ఉంటే ఎవరో ఒకరు ఆ పని చేసేస్తారు. మా ఇంట్లో మే నెలలో నలభై జాడీలుంటాయి. జాడీలంటున్నాను గానీ సగం ప్లాస్టిక్ డ్రమ్ములే. ఏ రోజు చూసినా ఏదో ఒక వరసకు అది మూడో రోజే.

మా ఆవిడ రాజమండ్రిలో 14 ఏళ్లుగా పచ్చళ్ల వ్యాపారం చేస్తోంది. పర్మినెంటు మనిషి ఒక్కరూ లేరు. సీజన్లో ఆరుగురు, మిగతా కాలంలో ఇద్దరు, అదీ పూటకు. మా చెల్లెలు హైదరాబాదులో కర్రీ పాయింట్ నడుపుతుంది. ఈ మే నెలలో నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం, రావలసిన ఇద్దరు రాలేదు. చెల్లెలు నిద్ర లేచి వచ్చేసరికి నేను మోచేతి దాకా నూనెతో జాడీ ముందున్నాను. మాటలు అక్కడ మొదలయ్యాయి. నేను ఎవరి పక్షమూ వహించలేదు. ఆ స్థితిలో ఉన్నవాడికి అంత ధైర్యం రాదు.

ఆడపడుచు: ఎవరెవరు రాలేదు వదినా?

వదిన: కాతేరు ఆవిడ, ధవళేశ్వరం ఆవిడ. ఒకావిడ ఫోను స్విచాఫ్. రెండో ఆవిడ ఎత్తి, "ఆయ్, బయల్దేరుతున్నానండి" అంది. ఆ మాట అని రెండు గంటలైంది.

ఆడపడుచు: మా దగ్గర ఇలా కుదరదు. గోడకి చార్టు ఉంటుంది. రాలేకపోతే ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు చెప్పాలి. చెప్పకుండా మానేస్తే ఆ పూట డబ్బులు పోవడమే కాదు, ఇంకో అర పూట కోత. ముగ్గురూ గడియారంలా వస్తారు.

వదిన: ముగ్గురేనా? సంక్రాంతికి వచ్చినప్పుడు ఆరుగురన్నావు.

(చెల్లెలు లేచి వెళ్లి కుండలో నీళ్లు తాగి వచ్చింది.)

ఆడపడుచు: ముగ్గురు మానేశారు.

వదిన: చార్టు చూసి?

ఆడపడుచు: నిలవని వాళ్లు పోయారు, నిలిచేవాళ్లు మిగిలారు. నువ్వు బతిమాలి తెచ్చుకుంటావు, నేను ఏరుకుంటాను. అంతే తేడా.

వదిన: ఏరుకోవడం నాకూ వచ్చులే. నువ్వు కొత్త మనిషిని ఏం అడుగుతావు?

ఆడపడుచు: ఆధార్ జిరాక్స్. ఇదివరకు ఎక్కడ చేసింది, ఎందుకు మానేసింది, ఇల్లు ఎంత దూరం.

వదిన: నేనేమీ అడగను. పొడి గుడ్డ ఒకటి చేతికిచ్చి కొట్టిన ముక్కల ముందు కూర్చోబెడతాను. జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, ముక్క ముక్కా తుడవాలి కదా. పది నిమిషాలకి ఆ గుడ్డ చెమ్మగిల్లుతుంది. "ఇంకో గుడ్డ ఇవ్వండమ్మా" అందా, ఉంచేసుకుంటాను. అదే గుడ్డతో సాయంత్రం దాకా తుడిచిందా, పూట డబ్బులిచ్చి, కాఫీ ఇచ్చి పంపేస్తాను. చెమ్మ ముక్క ఒక్కటి జాడీలో పడితే శ్రావణానికి బూజు పైకొస్తుంది. అప్పుడు మనం మనిషిని తిట్టుకున్నా ఏం లాభం?

ఆడపడుచు: బాగుంది. కానీ అది చేతికి పరీక్ష. రేపు వస్తుందో రాదో గుడ్డ చెప్పదు. నేను చివర్లో ఒక్కటే అడుగుతాను: "మీరు పనికొస్తే పిల్లల్ని ఎవరు చూస్తారు?" "మా అత్తగారండి" అన్నావిడ వస్తుంది. "ఎవరో ఒకరు చూస్తారండి" అన్నావిడ రెండో వారానికి మానేస్తుంది.

(ఈ రెండు పరీక్షలూ ఒకే మనిషికి పెడితే సరిపోయేది కదా అని నాకనిపించింది. అనలేదు.)

ఆడపడుచు: ఇంతకీ నీ దగ్గర పూటంటే ఎంత?

వదిన: పూటంటే పూటే. పన్నెండింటికి వస్తారు, కాయ అయిపోయేదాకా ఉంటారు. పొద్దున ఉపాధి పనికి వెళ్లొచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఎండలకి అక్కడ పెందరాళే వదిలేస్తారు.

ఆడపడుచు: కాయ ఎప్పుడవుతుంది?

వదిన: ఒకరోజు నాలుగింటికి, ఒకరోజు ఏడింటికి. ఏడైన రోజు యాభై కలిపిస్తాను. టిఫిను ఎలాగూ పెడతాను.

ఆడపడుచు: ధవళేశ్వరం ఆవిడ సాయంత్రం ఇంకో ఇంట్లో వంట చేస్తుందని నువ్వే చెప్పావు. ఇక్కడ ఏడైన రోజు ఆ ఇంట్లో మాట పడుతుంది. నాలుగింటికి వదిలేస్తాం అంటే ఆవిడ ఆ సాయంత్రాన్ని ఇంకొకరికి అమ్ముకోగలదు. నువ్వు కొన్నది సగం రోజు, పట్టుకు కూర్చున్నది రోజంతా.

వదిన: మరి నీది? పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది. మధ్య ఐదు గంటలు ఆవిడ ఎక్కడికి పోతుంది? ఇంటికెళ్లి రావడానికే రెండు గంటలన్నావు. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలి రాత్రి పదింటికి చేరే మనిషిని పార్ట్ టైం అనడానికి నీకు నోరెలా వచ్చింది?

ఆడపడుచు: కూర అమ్ముడుపోయేది ఆ రెండు పూటలే కదా వదినా. మధ్యాహ్నం మూడింటికి దొండకాయ వేపుడు ఎవరు కొంటారు? పైగా బస్సుకి పైసా ఖర్చు లేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి ఫ్రీయే.

వదిన: టిక్కెట్టు పోయింది గానీ టైము పోలేదమ్మాయ్. ఇక్కడా 2025 ఆగస్టు 15 నుంచి ఫ్రీ. నేనూ సంబరపడ్డాను, కడియం నుంచి ఇద్దరు వస్తామన్నారని. ఆ వచ్చే పల్లెవెలుగు కిక్కిరిసి ఉంటుంది, ఎక్కలేక రెండో బస్సు కోసం నిలబడతారు. వాళ్లకి ఊళ్లోనే నర్సరీలున్నాయి. నడిచి వెళ్లి మొక్కల సంచుల్లో మట్టి నింపుకుంటే కూలి వస్తుంది. అది వదులుకుని నా దగ్గరికి ఎందుకు రావాలి? వారం వచ్చారు, మానేశారు.

ఆడపడుచు: ఎందుకు రావాలో నువ్వే చెప్పు మరి.

వదిన: నేను మనిషిని మనిషిలా చూస్తాను కాబట్టి. దసరాకి చీర పెడతాను. ఉగాదికి అడిగినవాళ్లకి పదివేలు అడ్వాన్సు ఇచ్చి, సీజన్లో కొంచెం కొంచెంగా పట్టుకుంటాను. ఆ డబ్బు ఉంటే మనిషి ఎటూ పోదు.

ఆడపడుచు: ఎటూ పోకుండా ఇచ్చే డబ్బుకి 1976 చట్టంలో ఒక పేరుంది వదినా. వెట్టిచాకిరీ అంటారు.

వదిన: ఏంటీ? నేను వెట్టి చేయించుకుంటున్నానా? ఏవండీ, విన్నారా మీ చెల్లెలి మాట?

(నేను వినలేదు. ఉప్పు చూస్తున్నాను.)

ఆడపడుచు: నిన్ననడం లేదు. బాకీ తీరేదాకా ఇంకో చోటికి వెళ్లకూడదు అన్నావంటే చట్టం దాన్ని ఆ కళ్లతోనే చూస్తుంది అంటున్నాను. తాతయ్య పాలేర్లకి ఏడాదికోసారి లెక్క చూసేవాడు, గుర్తుందా అన్నయ్యా? లెక్క చూసిన ప్రతిసారీ పాలేరే బాకీ తేలేవాడు. పొలం పోయినా ఆ అలవాటు మన ఇంట్లో ఉండిపోయింది.

వదిన: కొడుక్కి కాలేజీ ఫీజు కట్టాలంటే బయట ఐదు రూపాయల వడ్డీ. నేను రూపాయి వడ్డీ లేకుండా ఇస్తున్నాను. నీ చట్టం ఇస్తుందా?

ఆడపడుచు: ఇవ్వు. వద్దన్నానా? అప్పు అని చెప్పి ఇవ్వు, పనితో ముడిపెట్టకు. సరే గానీ, కాతేరు ఆవిడ ఎంత బాకీ?

వదిన: ఏడు వేలు.

ఆడపడుచు: ధవళేశ్వరం ఆవిడ?

వదిన: ఏమీ లేదు.

ఆడపడుచు: బాకీ లేనావిడ ఫోనెత్తి అబద్ధమైనా చెప్పింది. బాకీ ఉన్నావిడ ఎత్తనే లేదు. నువ్వు మనిషిని కట్టేశాననుకున్నావు. ఆవిడ నీ వీధిలోకి రావడానికే మొహం చెల్లకుండా తిరుగుతోంది.

(మా ఆవిడ గరిటె జాడీ అంచుకు ఆనించింది. 14 ఏళ్లలో అడ్వాన్సుతో సహా కనపడకుండా పోయినవాళ్లు నలుగురున్నారు. ఆ లెక్క నాకు తెలుసు. ఎందుకంటే ఆ ఖాతా రాసేది నేను.)

వదిన: సరే, నువ్వు జీతం ఎప్పుడిస్తావు?

ఆడపడుచు: శనివారం శనివారం. ఒక్క పూట ఆలస్యం ఉండదు.

వదిన: నీ మనుషుల గ్రూపు కంతు ఏ రోజు?

ఆడపడుచు: ఏ గ్రూపు?

వదిన: డ్వాక్రా గ్రూపమ్మా. మా వాళ్లది మంగళవారం. నేను సోమవారం సాయంత్రం ఇస్తాను. శనివారం ఇస్తే ఆదివారం ఇంట్లో మగాడి చేతిలో పడుతుంది. సోమవారం ఇస్తే మంగళవారం పొద్దున కంతు కట్టేస్తుంది. ఇది ఏ చార్టులో రాస్తావు?

ఆడపడుచు: (కాసేపాగి) ఇది మాత్రం రాసుకోవాలి. హైదరాబాదు వెళ్లగానే అడుగుతాను. అయినా, రానిరోజులు అంటున్నావు గానీ, నువ్వే రావద్దనే రోజులో? నెలకి మూడు రోజులు?

వదిన: అవెలా లెక్కేస్తావే? పచ్చడి దగ్గరికి రానివ్వకూడదు కదా. నాకు చెప్పింది మీ అమ్మే.

ఆడపడుచు: అమ్మ ఇంట్లోవాళ్లకి పెట్టింది పచ్చడి. కూలికి మనుషుల్ని పెట్టి, నెలకి మూడు రోజుల కూలి తగ్గించమని చెప్పలేదు.

వదిన: కొనేవాళ్లు అడుగుతారు. అమెరికా నుంచి ఫోన్ చేసేవాళ్ల మొదటి ప్రశ్న అదే, "మడిగా పెడతారాండీ?" అని. రుచి గురించి తర్వాత.

ఆడపడుచు: లేబుళ్లు అంటించడం, మూతలు సీలెయ్యడం, పార్సిళ్లు కట్టడం పక్క గదిలో పని. జాడీ ముట్టుకోనక్కర్లేదు. ఆ మూడు రోజులు అది ఇవ్వు.

వదిన: నీకు తెలీదు. ఒకావిడ నెలకి రెండుసార్లు ఆ మాటే చెప్పేది.

ఆడపడుచు: చెప్పదూ మరి! ఎందుకని అడగడానికి వీల్లేని సెలవు నీ దగ్గర అదొక్కటే. అమ్మకి బాగాలేదు, పిల్లాడికి జ్వరం అంటే నమ్మవు. ఇదైతే నమ్మాల్సిందే.

(ఇక్కడ నేను నూనె డబ్బా తెచ్చే నెపంతో లేచాను. తిరిగొచ్చేసరికి మాట కాతేరు ఆవిడ కూతురి మీదికి వెళ్లింది. సెలవుల్లో తల్లి వెంట వచ్చి తుడిచే గుడ్డలు ఉతికి ఆరేస్తుంది.)

ఆడపడుచు: ఎన్నో క్లాసు?

వదిన: ఎనిమిదిలోకి వస్తుంది.

ఆడపడుచు: 14 నిండని పిల్లని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 2016లో చట్టం మార్చి మరీ రాశారు. సొంత ఇంటివాళ్లకి బడి అయ్యాక సాయం చేస్తే వేరు. ఇది నీ వ్యాపారం, ఆ పిల్ల ఇల్లు కాదు.

వదిన: పిల్లల్ని ఎవరు చూస్తారని అడిగేదానివి నువ్వే కదా? నా దగ్గరుంటే తల్లి కళ్లెదుట ఉంటుంది. కాతేరులో తలుపేసుకుని ఒక్కతీ ఉండమంటావా?

ఆడపడుచు: రానియ్యి. అన్నం పెట్టు, ఫ్యాను కింద కూర్చోబెట్టు. గుడ్డ చేతికివ్వకు.

వదిన: ఊరికే కూర్చోదే ఆ పిల్ల.

ఆడపడుచు: నా చిన్నప్పటి కథల పుస్తకాలు అటక మీదే ఉన్నాయి, దింపించు.

(దింపవలసినది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.)

నాలుగున్నరకి గేటు చప్పుడైంది. ధవళేశ్వరం ఆవిడ. చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఆయ్, వచ్చేశానండి" అంది. మా ఆవిడ పలకలేదు. పలక్కపోవడం ఆవిడ పద్ధతిలో పెద్ద తిట్టు. అడిగింది చెల్లెలే.

ఆడపడుచు: రెండింటికి బయల్దేరానన్నారు కదమ్మా. ధవళేశ్వరం నుంచి రెండున్నర గంటలు పట్టిందా?

"అబద్ధమాడానండి" అందామె. "సోమవారం వస్తే నూజివీడు వ్యాను రాలేదని పంపేశారు. నిన్న వస్తే మబ్బేసింది, మాగాయ ముక్క ఎండదు, పొమ్మన్నారు. ఇవాళైనా పనుందో లేదో అని పదింటికి ఫోన్ చేస్తే అమ్మగారు ఎత్తలేదు. ఈ ఎదురు మేడ మీద పనిచేసేది మా ఆడపడుచేనండి. దాన్ని అడిగాను. కాయ దిగిందని అది మూడింటికి చెప్పింది. అప్పుడు బయల్దేరాను."

వదిన: పనుందో లేదో నీకు అనుమానమైతే, మేమెలా ఉండాలి?

ఆమె జాకెట్లోంచి ఫోను తీసి, ఒక ఫొటో పెద్దది చేసి చూపించింది. ఏదో బట్టల కొట్టు వాళ్లు ఇచ్చిన గోడ క్యాలెండరు. పాలవాడి లెక్కకి పెట్టినట్టు తారీఖుల కింద పెన్నుతో గీతలున్నాయి. కొన్నిటి కింద సున్నాలు.

వదిన: గీతలు పని చేసిన రోజులు. ఈ సున్నాలేంటి?

"వచ్చి వెళ్లిపోయిన రోజులండి."

మా ఆవిడ ఫోను దగ్గరగా పెట్టుకుని లెక్కపెట్టింది. ఏప్రిల్ పదిహేను నుంచి తొమ్మిది సున్నాలు. ఖాతా పుస్తకంలో ఆ తొమ్మిది రోజులకీ నేనేమీ రాయలేదు. డబ్బు కదలని రోజు ఖాతాలో ఉండదు.

ఆడపడుచు: 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ఉండేది వదినా. రోజు కూలి మనిషి పనికి సిద్ధంగా వచ్చి, మనం పని చూపించలేకపోతే, పూర్తి రోజు కూలి ఇవ్వాలి. ఇప్పుడొచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంచారు. నువ్వు విసుక్కునే ఉపాధి చట్టం, మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006లో మొదలుపెట్టింది, అందులోనూ పని అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే భృతి ఇవ్వాలని రాశారు.

వదిన: అది రోజు కూలికి. మనది పూట.

ఆడపడుచు: పూటకి పిలిస్తే పూట కూలి.

వదిన: వాన పడితే నా తప్పా? వ్యాను రాకపోతే నా తప్పా?

ఆడపడుచు: ఆవిడ తప్పా?

వదిన: సగం ఇస్తాను. బస్సు ఫ్రీ కదా, చార్జీలేమీ కాలేదు.

ఆడపడుచు: టిక్కెట్టు పోయింది గానీ టైము పోలేదన్నది ఎవరు?

వదిన: సరేనమ్మా, మహా చెప్పావు. రాని పూట డబ్బులు ఆపడం న్యాయమే. దానిమీద ఇంకో అర పూట కోశావే, అది ఏ చట్టంలో ఉంది? నేను తొమ్మిది సున్నాలకి డబ్బులిస్తాను. నువ్వు కోసిన అర పూటలన్నీ తిరిగిస్తావా? మానేసిన ముగ్గురికి కూడా?

(చెల్లెలికి జవాబు దొరకలేదు. కోత అనేది రాని సమయానికి మించి ఉండకూడదన్నది కూడా చట్టమే. ఆ సంగతి ఆమెకు తెలుసని మొహమే చెప్పింది.)

ఆడపడుచు: ఉన్న ముగ్గురికీ ఇస్తాను. పోయినవాళ్ల నంబర్లున్నాయో లేవో చూడాలి.

వదిన: ఉంటాయి. చార్టులో.

మా ఆవిడ బీరువా వైపు వెళ్తూ, "ఫోన్‌పే చెయ్యనా?" అంది.

"వద్దండమ్మా. ఆ నంబరు మా ఆయన ఫోన్లో ఉంది. నోట్లే ఇయ్యండి."

నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. సగం కాదు, మొత్తం. కాతేరు ఆవిడకి ఎన్ని సున్నాలుంటాయని అడిగింది. ఆవిడకీ దాదాపు ఇన్నే అని, అవి బాకీలోంచి తీసేస్తామని చెబితే రేపు ఫోను ఎత్తుతుందని ఈమె చెప్పింది. ఇంకో మాట కూడా అంది: "పొద్దున తొమ్మిదికల్లా వాట్సాప్‌లో ఒక వాయిస్ పెట్టండమ్మా, కాయ వచ్చింది అనో, ఇవాళ వద్దు అనో. రాస్తే కుదరదండి, మాలో ఇద్దరికి చదవడం రాదు. పనుందని తెలిస్తే ఒకళ్లం రాకపోయినా ఇంకొకళ్లని మేమే పంపుకుంటాం."

చెల్లెలు ఆ గ్రూపుకి ఏం పేరు పెట్టాలో ఆలోచించడం మొదలుపెట్టింది. మా ఆవిడ పేరెందుకే అంది. అక్కడ మళ్లీ పట్టుదల వచ్చింది గానీ నేను వినలేదు, ఎందుకంటే ధవళేశ్వరం ఆవిడ చేతులు కడిగి, ఆరబెట్టుకుని, నా పక్కన పీట వేసుకుంది. గరిటె అందుకుని అడుగు నుంచి ఒక తిప్పు తిప్పింది. వేలికి అంటినది నాలిక మీద వేసుకుని, ఉప్పు సరిపోయిందంది. తర్వాత జాడీ అంచు తుడవడానికి నేను మధ్యాహ్నం నుంచి వాడుతున్న గుడ్డ తీసుకుంది. రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, పక్కన పడేసింది.

"ఇంకో గుడ్డ ఇవ్వండి బాబుగారూ."